రెండో ఆకు

ఆడి అమావాస్య నాడు పీలమేడులోని ఇంటి మేడమీద, పిట్టగోడపై కోడలు పోయినవాళ్ళ పేరిట కాకికి రెండు ఆకుల్లో అన్నం పెట్టింది. భార్య పోయాక మామగారికిదే మొదటి ఆడి అమావాస్య.

"మామా, ఒకటి అత్తకు. రెండోది ఎవరికి? అడిగితే అత్త ఎప్పుడూ చెప్పలే."

"యాళ్పాణంలో ఒక ముసలామెకమ్మా. పట్టాళంలో సిలోనుకు పోయినప్పుడు నాకు బావినీళ్ళు చేది ఇచ్చె. మరునాడు ఆ ఇంటిమీదనే మావాళ్ళు గుండు వేసిరి. లోపల తుపాకీవాళ్ళు ఉండారనిరి. ఆమె ఒక్కతే ఉండె."

"శాంతి కోసరం కదా మామా పోతిరి?"

"అట్ల చెప్పే పంపిరి. పోయినప్పుడు ఆ ఊరివాళ్ళే మాలలు వేసిరి, వచ్చేటప్పుడు తలుపులు మూసుకొనిరి. మావాళ్ళూ చచ్చిరి, వాళ్ళూ చచ్చిరి. యుద్ధం మాత్రం నిలవలే."

"ఆమె ఆకు కాకి తినునా?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ ముట్టలే. మన చేతి కూడు ఆమెకు వద్దేమో అనుకుంటిని. మీ అత్త మాత్రం మానకుండా పెడతానే ఉండె."

కాకి వాలింది. మొదటి ఆకును దాటి, రెండో ఆకులో ముద్ద అందుకుంది.

"అయ్యో మామా, అత్త ఆకు విడిచిపెట్టె! అత్తకు కోపమేమో?"

ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"కోపం కాదమ్మా. ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టకుండా మీ అత్త ఎప్పుడు తినె?"