మంగళవారం తొమ్మిది గంటల క్లాసు

సభకు అధ్యక్షత వహించిన డీన్ కూ జెయిక్ గారికి, మా శాఖాధిపతి బాంగ్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, గున్సాన్ నుంచీ సియోల్ నుంచీ పొద్దున్నే బస్సులెక్కి ఈ చలిలో జొంజు దాకా వచ్చిన నా పాత విద్యార్థులకి, తలవంచి నమస్కారం.

వరుస తప్పలేదు కదా డీన్ గారూ? ఎవరిని ఎవరి తర్వాత పిలవాలో మీ ఆఫీసువాళ్ళు టైపు చేసి ఇచ్చిన కాగితం నా చేతిలోనే ఉంది. గుమ్మం దగ్గర పదకొండు పూల స్టాండ్లున్నాయి, వాటిని పంపినవాళ్ళందరి పేర్లూ ఇందులో ఉన్నాయి. మన జిరాక్సు మిషన్లు బాగుచేసే ఆయన పేరు కూడా ఉంది. (నవ్వులు) ఆయనకీ నమస్కారం, మూడో అంతస్తులో మిషన్ మళ్ళీ ఆగింది. (నవ్వులు) ఒక్క పేరు మాత్రం లేదు. ఆ సంగతికి వస్తాను. అందాకా నవ్వుతూ ఉండండి, తర్వాత ఎలాగూ నవ్వలేరు.

గంట నుంచీ నలుగురు పెద్దలు ఈ మైకు ముందుకొచ్చి, జపనీస్ చదివేవాళ్ళకీ కొరియన్ చదివేవాళ్ళకీ కలిపి భాషాశాస్త్రం మొదటి పాఠాలు చెప్పే క్లాసు పెట్టి, పందొమ్మిదేళ్ళు దాన్ని కంటికి రెప్పలా కాపాడిన మహానుభావుడు ఈ ప్యో దొక్సు అని పొగిడారు. నా రిటైర్మెంటుకని అచ్చేసిన ఈ సన్మాన సంచికలో తొమ్మిదో పేజీ కూడా అదే అంటోంది. నేను పూలగుత్తి పట్టుకుని పళ్ళికిలిస్తూ కూర్చున్నాను. సొమ్మొకడిది, సోకొకడిది.

నిజం చెప్తాను. ఆ క్లాసు ఉండాలని నేను తొమ్మిది పంక్తుల్లో ఒక ప్రతిపాదన రాశాను. ఒక్క సెమిస్టరు చెప్పాను. మూడో వారానికే పిల్లలు నిద్రపోవడం మొదలుపెట్టారు, వాళ్ళను చూసి నాకూ ఆవులింతలొచ్చేవి. (నవ్వులు) మంగళవారం పొద్దున తొమ్మిదింటి క్లాసు, ఎవరికీ అక్కర్లేని వేళ. దాన్ని తీసుకెళ్ళి గంటల లెక్కన పాఠం చెప్పడానికొచ్చిన యొమ్ మిరాన్ గారి నెత్తిన పెట్టాను. అదుగో, ఆఖరి వరుసలో తలుపు పక్కన, కోటు కూడా విప్పకుండా కూర్చున్నారే, ఆవిడే. ఈ కాగితంలో లేని పేరు ఆవిడదే. మిరాన్ గారూ, లేచి వెళ్ళిపోకండి. ఒక్క అయిదు నిమిషాలు.

ఆవిడ మొదటిరోజే పిల్లల్ని గొంతు మీద చెయ్యి పెట్టుకుని మూలగమనేవారు. "ఆ వణుకు తెలుస్తోందా? ఇప్పుడు చెప్పండి, ఇది జపాన్ గొంతా, కొరియా గొంతా?" అనేవారు. ఒసాకా నుంచి కొరియన్ నేర్చుకోవడానికొచ్చిన పిల్లా, మన ఊరి కుర్రాడూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళు. నేను కిటికీలోంచి చూశాను కాబట్టి తెలుసు. లోపలికి మాత్రం వెళ్ళలేదు, ప్రొఫెసర్ని కదా.

ఆ తర్వాత మొదటి పని, ఇంట్లోవాళ్ళ మాటలు అరగంట రికార్డు చేసి ఉన్నవి ఉన్నట్టు రాసుకురావడం. పందొమ్మిదేళ్ళూ పిల్లలు చేసిన తప్పు ఒకటే, ఇంటి మాటను బడి పుస్తకం మాటగా దిద్ది తెచ్చేవాళ్ళు. మూడో వరుసలో నవ్వుతున్న నా బ్యొంగ్‌చొల్, ఏమయ్యా, చెప్పనా? వాళ్ళమ్మ గున్సాన్ రేవులో చేపలమ్ముతుంది. బేరమాడే ఆసామిని ఆవిడ తిట్టిన తిట్లను ఇతను శుభ్రంగా ఉతికి ఆరేసి తెచ్చాడు. మిరాన్ గారు చదివి, "బాబూ, మీ అమ్మ చేపలమ్ముతోందా, వార్తలు చదువుతోందా?" అన్నారు. (నవ్వులు)

"అమ్మ మాటలు కాగితం మీద పెడితే నలుగురూ నవ్వుతారు మేడమ్," అన్నాడట.

"నవ్వితే నవ్వనీ. మీ అమ్మ తప్పు మాట్లాడిందని నీకెవరు చెప్పారు? ఆవిడ మాటకీ ఓ పద్ధతుంది, అదేంటో పట్టుకురా. విన్నది రాయి. ఉండాల్సింది రాయకు."

ఈ రోజు బ్యొంగ్‌చొల్ అదే రేవులో జపాన్ నుంచొచ్చే వ్యాపారులకీ మన జాలర్లకీ మధ్య దుబాసీ. మన జాలరి తిడుతున్నాడో, బేరానికి ఒప్పుకుంటున్నాడో వినగానే పట్టేయగలవాడు అక్కడ ఇతనొక్కడేనట. ఈ విద్య ఫోను నేర్పిందా డీన్ గారూ?

ఎందుకడుగుతున్నానంటే, నవంబరు సమావేశంలో మీరన్నమాట నాకింకా చెవుల్లో ఉంది. "ఫోనే అనువాదం చేసిపెడుతున్న రోజుల్లో గొంతులో గాలి ఎటు పోతుందో ఎవడిక్కావాలి ప్యో గారూ? ఆ క్లాసు తీసేద్దాం," అన్నారు. క్లాసు పోతే మార్చి నుంచి మిరాన్ గారి ఉద్యోగం కూడా పోయినట్టే. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అప్పుడు గంగిరెద్దుల్లా తలలూపిన అయిదుగురిలో నేనొకణ్ణి. పోయేవాణ్ణి, నాకెందుకులే అనుకున్నాను. సిగ్గుపడుతున్నాను.

నా సిగ్గు ఇంకా పూర్తి కాలేదు. ఈ సన్మాన సంచిక ప్రూఫులు ఎవరు దిద్దారో తెలుసా? ఆవిడే. మా శాఖ ఆవిడ చేతికిచ్చింది, పని బాగా చేస్తుందని. తన పందొమ్మిదేళ్ళూ నా పేరు కింద అచ్చవుతుంటే, ఆవిడ కామాలు సరిచేస్తూ కూర్చున్నారు. పోయిన వారం తెలిసి, మెట్ల దగ్గర ఆపి, "తొమ్మిదో పేజీ చదివి కూడా ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"అచ్చుతప్పులు చూడమన్నారు సార్, తప్పులు చూడమనలేదు," అన్నారు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి తొమ్మిదో పేజీ మళ్ళీ తీసి చదివాను. పిల్లలు అమ్మ మాట దిద్దితే వెనక్కిచ్చి మళ్ళీ రాయించిన మనిషి చుట్టూ, ఇంతమంది డాక్టరేట్ల వాళ్ళం చేరి, జరిగింది వదిలేసి, ఉంటే బాగుండేది రాసుకున్నాం. అట్ట మీద బంగారు అక్షరాలు కూడా వేయించుకున్నాం. బాంగ్ గారూ, తల దించుకోకండి, మీకంటే ముందు దించుకోవాల్సింది నేను.

ఇక చివరి సంగతి. క్లాసు తీసేసే కాగితం సోమవారం నా గదికొచ్చింది, పూలతో పాటే పంపారు. "ఊరికే లాంఛనం సార్, ఒక్క ముద్ర," అన్నాడు గుమస్తా. శాఖలో ప్రొఫెసర్లం అయిదుగురం సంతకానికి బదులు ఎవరి పేరు ముద్ర వాళ్ళం వేస్తేనే అది చెల్లుతుంది. నెలాఖరులోగా చెల్లకపోతే మార్చిలో మొదలయ్యే ఏడాదికి పాఠాలేవీ మారవు. నాలుగు ముద్రలు పడ్డాయి. ఇవాళ ఫిబ్రవరి ఇరవై ఒకటి. ఇంకో వారం నేను ఈ శాఖలో ప్రొఫెసర్నే.

ఇంత ప్రేమగా వచ్చినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పూలు పంపినవాళ్ళకీ, తిట్లు అరువిచ్చిన బ్యొంగ్‌చొల్ వాళ్ళమ్మగారికీ కృతజ్ఞతలు. మిరాన్ గారూ, మీకు కృతజ్ఞతలు చెప్పే అర్హత నాకింకా రాలేదు. మార్చి మొదటి మంగళవారం తొమ్మిదింటికి కిటికీ దగ్గర కాకుండా బెంచీ మీద కూర్చుంటాను, మా ఇంటి మాటలు అరగంట రాసుకొస్తాను. దిద్దితే వెనక్కివ్వండి.

డీన్ గారూ, మీ కాగితం ఇదుగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. నా పేరుకెదురుగా ఖాళీగా ఉంది, ఖాళీగానే ఉంటుంది. నేనిప్పుడు చెప్పింది విన్నది విన్నట్టు రాసుకోమని మీ గుమస్తాకి చెప్పండి. సెలవు.