ఏది పాత బండో తేల్చిన మా అక్కగారు

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీన, వాన వెలిసిన ఒక ఉదయం, మా వాహన రిజిస్ట్రేషన్ కార్యాలయంలో సహాయ తనిఖీ అధికారిణిగా బాధ్యతలు స్వీకరించిన అక్కగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ అభినందన సంచికకు వారిని గురించి రాయమని మిత్రులు కోరినప్పుడు, ఉద్యోగ జీవితమంతా వారి పక్క గదిలోనే గడిపినవాడిని కనుక సులువుగానే రాయగలననుకున్నాను. తీరా కూర్చున్నాక కలం సాగలేదు. వారి ఉద్యోగ జీవితాన్ని గురించి నిజం రాయాలంటే వారి దుఃఖాన్ని గురించి కూడా రాయక తప్పదు. అందుచేత ముందు వారి అనుమతి కోరాను. "రాయండి. కాకపోతే నన్ను దేవతను చేయకండి. తప్పు చేసిన చోట తప్పు చేసిందనే రాయండి" అన్నారు. ఆ షరతుకు లోబడే ఈ వ్యాసం.

వారు చేరిన రోజుల్లో తనిఖీ ఆవరణలో మహిళా అధికారి మరొకరు లేరు. లారీ డ్రైవర్లు, ఏజెంట్లు మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవారు. నీలిరంగు పైకోటు తొడుక్కుని, గోనెసంచి పరుచుకుని, టార్చిలైటుతో ఆమె బండి కిందికి దూరడం చూశాక ఆ నవ్వులు సద్దుమణిగాయి. బయటికి వచ్చేసరికి చెంపమీద గ్రీజు మరక ఉండేది. అది తుడుచుకోకుండానే ఎదుటివారి బండిలోని లోపాలు ఒక్కొక్కటిగా, గొంతు పెంచకుండా చెప్పేవారు. అచిరకాలంలోనే పూర్తిస్థాయి తనిఖీ అధికారిణి అయ్యారు. ఆ తరువాత, ఎవరూ కోరి చేరని మార్పు వాహనాల విభాగాన్ని కోరి తీసుకున్నారు.

ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం ఆ విభాగం సంగతి కొంచెం చెప్పాలి. నిర్ణీత వయసు దాటి, పూర్వరూపంలోనే ఉన్న పాత వాహనాలకు ఏటేటా జరిగే తనిఖీనుంచి మినహాయింపు ఉంది. అయితే కొండదారులలో తిప్పే పాత జీపుల యజమానులు వాటిని ఉన్నవి ఉన్నట్టు ఉంచరు. ఎత్తు పెంచుతారు, ఇంజను మారుస్తారు, ఇరుసులు మారుస్తారు, కింద ఉండే ఇనుప చట్రాన్ని కోసి మళ్లీ వెల్డింగు చేయిస్తారు. అలా అన్నీ మారిపోయాక అది పుట్టినప్పటి బండేనా, లేక పాత నంబరు తగిలించుకున్న కొత్త బండా అన్నది తేల్చడమే ఆ విభాగం పని. పాతదంటే పేరూ నంబరూ మినహాయింపూ నిలుస్తాయి. కాదంటే కొత్త గుర్తింపు, కొత్త నంబరు, ఏటా తనిఖీ తప్పవు. స్టీరింగు ఒక్కటి అసలుదైనా బండి అదేనని ఒక పెద్దమనిషి వాదనకు దిగితే, "ఆ స్టీరింగు పట్టుకుని ఇంటికి వెళ్లగలరాండీ?" అని అక్కగారు మర్యాదగానే అడిగారు. ఆయన తనలో తాను నవ్వుకుంటూ దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.

అక్కగారు అన్న పేరు మేము పెట్టింది కాదు. వారికి ఒక తమ్ముడు ఉండేవాడు. తల్లి చిన్నతనంలోనే పోవడంతో అతన్ని చంకనేసుకుని పెంచింది ఈవిడే. పెళ్లయి, కూతురు పుట్టాక కూడా అతను మధ్యాహ్న భోజనానికి మా కార్యాలయానికే వచ్చేవాడు. గేటు దగ్గరనుంచే "అక్కా" అని కేక వేసేవాడు. వినీ వినీ బంట్రోతు మొదలు పైఅధికారి వరకు అందరికీ ఆమె అక్కగారే అయ్యారు.

వారి నాన్నగారు వాడిన జీపు ఒకటి ఆ తమ్ముడి దగ్గర ఉండేది. తండ్రి పోయాక దాన్ని అతను ప్రాణంగా చూసుకున్నాడు. ముందు చక్రాలు మార్చాడు, తరువాత ఇంజను, చివరికి చట్రం మధ్యకు కోయించి, ముక్క అతికించి పొడవు పెంచాడు. కాగితాలమీద మాత్రం అది నాన్నగారి పాత జీపే. కాబట్టి తనిఖీ లేదు. ఒక ఆదివారం వారింట్లో భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. బండిని ఆఫీసుకు తెమ్మని, మార్పులన్నీ నమోదు చేయించుకోమని అక్కగారు నచ్చజెబుతున్నారు. అతను వింటూ వింటూ చేయి కడుక్కుని వచ్చి, "తెస్తే నువ్వే కదక్కా ఇది పాత బండి కాదని రాస్తావు. నాన్న నంబరు పోతుంది. నాన్నదని మిగిలిందేముంది మనకి?" అన్నాడు. దానికి అక్కగారు అన్నది ఇంతే: "సరేలే, వానలు పోయాక చూద్దాం."

వానలు పోలేదు. కొండదారిలో దిగుతుండగా చట్రం ఆ అతుకు దగ్గరే విడిపోయి జీపు లోయలోకి జారింది. అతనొక్కడే ఉన్నాడు అందులో. ఆసుపత్రి వరండాలో మేమంతా నిలబడి ఉండగా అతని భార్య, అంటే అక్కగారి మరదలు, ఏడవకుండా, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా, "మీకు తెలిసి కూడా ఊరుకున్నారు కదా వదినా" అన్నారు. పక్కనే ఉన్న నాకు వినబడింది. అక్కగారు తల వంచుకున్నారు. ఆ రోజు మొదలు ఆ రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

సెలవు ముగించుకుని వచ్చిన రోజున వారు తిన్నగా పైఅధికారి గదికి వెళ్లారు. ఆ జీపు రూపం మారిన విషయం తనకు ముందే తెలుసునని, అధికారిణిగా దాన్ని తనిఖీకి రప్పించవలసి ఉండగా రప్పించలేదని, ఎవరూ అడగకముందే చెప్పారు. అంతా విన్న పైఅధికారి, ఇంటి విషయం ఇంట్లోనే ఉండనివ్వమని బతిమాలినంత పని చేశారు. వారు వినలేదు. విచారణ జరిగింది, రావలసిన పదోన్నతి ఆగిపోయింది, మళ్లీ రాలేదు. వారి ప్రతిభకు తగిన హోదా వారికెందుకు దక్కలేదని కొత్తగా చేరినవారు నన్ను అడుగుతుంటారు. సమాధానం ఇదే.

ఆ రోజుల్లో ఆమెను ఏమని పిలవాలో మాకెవరికీ తెలియలేదు. పాత పిలుపు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. మేడమ్ అంటే మా చెవులకే ఎబ్బెట్టుగా ఉండేది. మా తడబాటు గమనించి ఒక సాయంత్రం ఆమే, "ఎప్పటిలాగే పిలవండి. వాడితోపాటు అది కూడా పోతే నేను తట్టుకోలేను" అన్నారు. వేరే విభాగానికి పంపుతామన్నా ఒప్పుకోక, ఆ మార్పు వాహనాల గదికే తిరిగి వెళ్లి కూర్చున్నారు. కింద దూరి చూడనిదే ఏ మినహాయింపుమీదా సంతకం పెట్టేవారు కారు.

కొంతకాలానికి ఒక వడ్రంగి తన జీపుతో వచ్చారు. వయసు మళ్లినవారు. భార్య చనిపోయిన దుఃఖం ఇంకా మొహంమీదే ఉంది. ఇద్దరూ కలిసి ఆ జీపులో కొండలన్నీ తిరిగారట. చట్రం తుప్పు పట్టి విరిగితే తనకు తెలిసినట్టు ఇనుప పలకలతో అతికించి, ఇరుసులు మార్చుకున్నారు. పాత నంబరే కావాలన్నది ఆయన కోరిక. అక్కగారు కిందికి దూరి చాలాసేపు చూశారు. లేచి, ఇది పాత బండిగా చెల్లదని, ఈ అతుకులతో రోడ్డెక్కకూడదని చెప్పారు. ఆయన మొదట బతిమాలారు. తరువాత గొంతు లేచింది. ఆ నంబరు చూస్తే తన భార్య పక్కన కూర్చున్నట్టే ఉంటుందని, కుర్చీలో కూర్చునేవాళ్లకు గుండె ఉండదని, మనిషిని పోగొట్టుకోవడమంటే ఏమిటో వీళ్లకేం తెలుసునని ఆవరణంతా వినబడేలా అన్నారు. మేము బయటికి వచ్చాం. బంట్రోతు ఆయన భుజంమీద చేయి వేయబోతే అక్కగారు వద్దని సైగ చేశారు.

"మా తమ్ముడు ఇదే అడిగాడండీ" అన్నారు. "వాడికి కాదనలేకపోయాను. వాడు లేడు. అందుకే మీకు కాదంటున్నాను."

ఆయన అక్కడే ఉన్న సిమెంటు అరుగుమీద కూలబడ్డారు. అక్కగారు కూడా పక్కన కూర్చున్నారు. ఆ దుర్ఘటన తరువాత ఆమె మా ఎదుట కన్నీరు పెట్టడం అదొక్కసారే. ఆ వడ్రంగి మరి కొన్నాళ్లకు సరైన చట్రం వేయించుకుని కొత్త నంబరుతో జీపును తీసుకువెళ్లారు. మినహాయింపు పోయింది కనుక ఏటా తనిఖీకి రావలసిందే. వస్తారు, పని అయ్యాక కాసేపు అక్కగారి గదిలో కూర్చుని పోతారు. ఏం మాట్లాడుకుంటారో మేమెన్నడూ అడగలేదు.

అక్కగారి తీరులో లోపాలు లేవని నేను అనను. వారి జాగ్రత్త ఒక్కొక్కసారి చాదస్తానికి దారి తీసింది. నిక్షేపంలాంటి బండ్లు కూడా వారి అనుమానానికి నానా అగచాట్లు పడ్డాయి. నాతోనే ఎన్నోసార్లు వాదన జరిగింది. వాదించి గెలిచినప్పుడు కూడా నేను నిశ్చింతగా ఇంటికి వెళ్లింది లేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్లీ ఆ బండి కిందికి నేనే దూరి చూసేవాణ్ని. ఈ కార్యాలయంలో ఆమె దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆ భయం అంటుకుంది. ఆ భయంవల్ల ఇళ్లకు క్షేమంగా చేరినవారెవరో మనకెప్పటికీ తెలియదు.

వారి మేనకోడలు పెద్దదై, పైచదువుకు ఈ ఊరు వచ్చి, తల్లిని ఒప్పించి మేనత్త ఇంట్లోనే ఉంది. ఆ అమ్మాయి కారణంగా ఆగిన మాటలు మెల్లగా మొదలైనా, పొడిపొడిగానే సాగాయి. తమ్ముడు పోయిన ఆ కొండదారిని అక్కగారు గాని, వారి మరదలు గాని ఇన్నేళ్లలో వెళ్లి చూడలేదు. గత నెలలో మరదలే ఫోను చేసి, "మీరు వస్తానంటే నేనూ వస్తాను వదినా. ఒక్కదాన్నే వెళ్లలేను" అన్నారట. విరమణ తరువాత వారు చేయబోయే మొదటి ప్రయాణం అదే.

ఆ ప్రయాణంలో వారి మోకాళ్లు సహకరించాలని, మరదలి చేయి తోడుగా ఉండాలని, తిరిగి వచ్చిన తరువాత వారికి కంటినిండా నిద్ర పట్టాలని మా కార్యాలయ కుటుంబం యావత్తూ మనసారా కోరుకుంటున్నాం. వారి శేషజీవితం ఆరోగ్యంతో, ఆప్తుల సాన్నిహిత్యంతో, ఎవరి క్షేమానికీ తామొక్కరే బాధ్యులు కానక్కరలేని ప్రశాంతితో చిరకాలం కొనసాగుగాక.