మైలారి మాటకి ఆగిన కదుళ్ళు

మైలారి నోరు తెరిస్తే గొర్రెలు వింటాయి, మనుషులు వినరు. అదీ వాని సంగతి. మైలారి అంటే ఎవురనుకున్నారు, తుమ్మలపల్లెలో గొర్రెలు కాసే కురవోళ్ళ పెద్దమందకి ముందర నడిచేటోడు. ఆరడుగుల మనిషి, భుజాన నల్లకంబళి, చేతిలో కట్టె. వాడు నాలిక మడిచి ఒక్క కూత కూసినాడంటే గుట్టకి ఆ పక్క మేస్తాండే గొర్రె గూడా తలకాయెత్తి చూసేదంట. మందతో పొద్దస్తమానం మాట్లాడేటోడు. నిన్న కూరలో ఉప్పెక్కువైందని చెప్పేటోడు, మోకాలు నొప్పి పుడతాందని చెప్పేటోడు, అవి మేసుకుంటా వినేవి. అదే మనిషిని నలుగురు కూచున్న తావుకి తీసుకొచ్చినావనుకో, గొంతులో రాయి అడ్డంపడినట్ల నిలబడిపోయేటోడు. ఒకసారి పెండ్లిలో "అందరూ అన్నానికి లేయండి" అని ఒక్క మాట కేకెయ్యమంటే, చొక్కా తడిసిపోయేట్ల చెమటపట్టి దొడ్డెనక్కి పోయి కూచున్నాడంట. నవ్వద్దు లచ్చుమక్కా, నీ మొగుడూ అంతే గదా. ఎల్లప్పా, బీడీ ముట్టించుకుంటే ఇప్పుడే ముట్టించుకో, నడిమధ్యలో అగ్గిపెట్టె అడిగినావంటే నేను కథ చెప్పను.

ఆ పల్లెకి ఎగువన ఒక కనుమ ఉండాది. కనుమ దాటితే కోన. శివరాత్రి పోయిందంటే కింద గడ్డి అనేది కంటికి కనపడదు, ఎర్రమట్టి, రాళ్ళు, అంతే. కోనలో మాత్రం ఊటనీళ్ళు పారతాంటాయి, గడ్డి మోకాలెత్తు లేస్తాది, పొద్దున్నే మంచు దిగి గొర్రెల వీపులమీద కూచుంటాది. ఆ మంచులో మంద నడస్తాంటే గొర్రేదో మంచేదో తెలీదంట, గంటల సప్పుడు ఒకటే వినపడతాదంట. తాతల నాటినుంచీ కిందిమందలు ఎండాకాలం కోనకి పోయేవి, వానలు పడినాక దిగొచ్చేవి. ఏమైందంటే, ముందటేడు కోనలో గాలికుంటు తగులుకుంది. గిట్టల సందున పుండ్లు, నోట్లో సొంగ, అదీ ఆ రోగం. పెద్దవి కొన్ని తట్టుకున్నాయిగానీ కోనోళ్ళ గొర్రెపిల్లలు కుప్పలు కుప్పలుగా పోయినాయి. మీ మందే తెచ్చిందని వాళ్ళు, కాదు మీ కొండగాలే అని మనోళ్ళు. మాటకి మాట పెరిగింది. ఈ ఏడు కోనోళ్ళు కనుమకి అడ్డం తుమ్మకంప కొట్టి వేసినారు, మనిషెత్తు. గొర్రె కాదుగదా, కుందేలు దూరేదానికి గూడా సందు లేదు.

ఇంక కింద చూడు. తల్లిగొర్రెలకి మేత లేక పాలు ఇగిరిపోయినాయి. పిల్లలు ఎండిన పొదుగు కుడిచి కుడిచి ఆడ్నే కూలబడతాండాయి. పొద్దున లేస్తే దొడ్లో ఒకటి, సాయంత్రానికి ఇంకొకటి. ఆ కంప తియ్యాలంటే అడగాల, అడిగేదానికి కోనలో ఒక పద్ధతి ఉండాది. మంద ముందర నడిచేటోడే అడగాల, వేరేవాళ్ళు నోరెత్తగూడదు. కనుమలో కంపకి ఆ పక్క ఒక చదునుబండ ఉండాది, అడిగేటోడు ఒక్కడే పక్కగుట్ట ఎక్కి దిగి పోయి దానిమీద నిలబడి అడగాల. మూడు సోమవారాలు, మూడుసార్లు, అంతే. కోనోళ్ళు ఎదురుగా కూచోని కదుళ్ళు తిప్పుకుంటా వింటారు. కదురంటే ఈ కాలం పిల్లోళ్ళకి తెలీదు, ఉన్నిని పురిపెట్టి దారం తీసే పుల్ల. కురవోళ్ళ చేతిలో అది ఉండనే ఉంటాది, నడిచినా తిప్పుతారు, తగువాడుకున్నా తిప్పుతారు. వాళ్ళు అవుననరు, కాదనరు. చెప్పేవాని మాటకి కదుళ్ళన్నీ ఆగిపోయినాయంటే కంప తీస్తారు. ఒక్క కదురు తిరగతాన్నా లేదన్నట్టే. ఇప్పుడు చెప్పు, ఇంత పని ఎవుని నెత్తిన పడింది? అన్నానికి లేయండి అని చెప్పలేనోని నెత్తిన.

మైలారి ఏం చేసినాడంటే, కోనప్పతాత కాడికి పోయినాడు. కోనప్ప అంటే ఆ చుట్టుపక్కల మాటకారి, పంచాయితీలన్నిట్లో ఆయన గొంతే. తాత మీసం దువ్వుకుని, "ఒరే నాయనా, మాట అంటే సొగసుండాల. కొండని తల్లి అనల్ల, కోనని తండ్రి అనల్ల, వాళ్ళ తాతముత్తాతల్ని పొగడల్ల" అని వారం దినాలు నేర్పించినాడంట. మైలారి మందకి చెప్పుకుంటా ఒక్క ముక్క తప్పు లేకుండా వల్లెవేసినాడు. మొదటి సోమవారం మంచు ఇంకా విడవకముందే బండెక్కినాడు. ఎదురుగా కంబళ్ళు కప్పుకుని కోనోళ్ళు, మంచులో మొకాలు కనపడవు, చేతులు మాత్రం కదలతాంటాయి. నడుమ నింగవ్వ జేజి, కోనకంతా పెద్ద ముసలామె. గాలికుంటుకి అందరికన్నా ఎక్కువ పోగొట్టుకున్నది ఆమే. మైలారి కండ్లు మూసుకుని, "కొండంత తల్లీ, కోనంత తండ్రీ" అని ఎత్తుకున్నాడు. ఏమాట కామాట, గడగడా చెప్పేసినాడు. కదుళ్ళు ఆగినాయా? ఆగేదెక్కడ, ఇంకా జోరుగా తిరిగినాయి! అయిపోయినాక ఒకామె లేచి, "బాగుండాది నాయనా, నీ పాటకి దారం యాడా తెగకుండా వచ్చినాది, మళ్ళా సోమవారం రా" అన్నాదంట.

రెండోసారి మైలారికి ఇంకొక ఆలోచన వచ్చింది. మాట ఎందుకు, కండ్లతో చూపిస్తే సరిపోదా అనుకున్నాడు. పిల్లని ఒకదాన్ని చంకలో పెట్టుకుని పోయి, "చూడండి, మా పిల్లలు ఆకలికి చచ్చిపోతాండాయి" అని ఏడవల్ల అనుకున్నాడు. అనుకున్నాడు, బాగానే ఉండాది. కానీ కురవోని బుద్ధి యాడికి పోతాది? పరాయూరి కురవోళ్ళ ముందరికి బక్కపిల్లని తీసుకపోవాలంటే ప్రాణం ఒప్పలే. దొడ్డంతా తిరిగి తిరిగి, మందలోకల్లా నున్నగా, బొద్దుగా, చెవులూపుకుంటా ఉండేదాన్ని ఎత్తుకున్నాడు. పైపెచ్చు కడిగి, దువ్వి తీసుకపోయినాడంట! బండమీద నిలబడి, "ఆకలో అవ్వా, ఆకలో" అని ఏడుపు గొంతు పెట్టినాడు. పిల్లేమో కడుపు నిండిపోయి త్రేన్చింది. కోనోళ్ళు ఒకరి మొకం ఒకరు చూసుకుని, ఒకటే నగువు. "మా వాటికన్నా నీదే బలంగా ఉండాదే, మేమే మీ ఊరికి వస్తాములే మేతకి" అన్నాడు ఒకాయన. నగుతా నగుతా గూడా కదుళ్ళు తిప్పుతానే ఉండారు. నింగవ్వ ఒక్కతే నగలేదు. పిల్ల దిక్కు అట్లనే చూసి, మొకం పక్కకి తిప్పుకుందంట.

ఇంక మిగిలింది ఒక్క సోమవారం. మైలారికి మాట చెప్పేదానికి ఇంట్లో ఎవురూ లేరు. పెండ్లాం ఈరక్క పోయి నాలుగేండ్లు. ఆమె ఉన్నప్పుడు పొద్దుకూకినాక ఇద్దరూ అరుగుమీద కూచునేవాళ్ళంట, ఆమె అడిగేది, వాడు చెప్పేటోడు. ఆమె ముందర వాని గొంతులో ఏ రాయీ అడ్డంపడేది కాదు. ఆదివారం మధ్యాహ్నం మందని నిలేసినాడు. ఎండకి గొర్రెలన్నీ గుండ్రంగా చేరి, ఒకదాని పొట్టకింద ఒకటి తల పెట్టుకుని నిలబడుకోనుండాయి. నేల ఆవిరి లేస్తాంది, దూరంగా గుట్టలు నీళ్ళలో నిలబడినట్ల అల్లాడతాండాయి. కట్టెమీద గడ్డం ఆనించుకుని నిలబడినోనికి నిలబడినట్లే కన్నంటుకుంది. ఆ ఆవిరిలోనుంచి ఈరక్క వచ్చిందంట. అదే పసుపు రైక, అదే నడక. వాని దిక్కు చూడలే. గొర్రెల నడుమన కూచుని ఒక్కోదాని కాలెత్తి గిట్ట చూస్తాంది. చూసి కింద పెడతాంది, ఇంకోదాన్ని పట్టుకుంటాంది. మంద కదల్లే, గంట మోగలే. ఆఖరికి ఒకదాని కాలు ఎత్తి, బొటనవేలితో తుడిచి, "దీని కాళ్ళకి ఇంత బురదెందుకయ్యా, యాడా వాన పడలేదే?" అనిందంట. అంతే. వాడు కండ్లు తెరిచినాడు. గొర్రెలు అట్లనే ఉండాయి, ఆమె లేదు. మైలారి ఆ ఎండలో కూలబడి ఏడ్చినాడు. ఎందుకు ఏడ్చినాడో వానికి తెలుసు, మీకు ఇంకొంచేపు ఆగితే తెలుస్తాది.

మూడో సోమవారం. ఈసారి తుమ్మలపల్లె పల్లెంతా వెంట వచ్చి కంపకి ఈ పక్క నిలబడింది, కోనప్పతాతతో సహా. మంచు ఎట్లుండాదంటే చెయ్యి చాచితే చెయ్యి కనపడదు. మైలారి బండెక్కినాడు. చేతుల్ని ఏం చేయాల్నో తెలీక, "అమ్మా, నాకూ ఒక కదురు ఇయ్యండి" అన్నాడంట. ఇట్లా ఎవురూ అడిగినోళ్ళు లేరు. నింగవ్వ పక్కనున్నామె తన సంచిలోనుంచి ఒకటి తీసి ఇచ్చింది. వాడు కదురు తిప్పుకుంటా, ఎవురినీ చూడకుండా, మందకి చెప్పినట్ల మెల్లగా మొదలుపెట్టినాడు. "నాకు మాట్లాడేది రాదు. మొదటి వారం చెప్పింది కోనప్పతాతది. రెండో వారం ఏడ్చింది అబద్ధం. ఈ పొద్దు నాది చెప్తా. మా ఈరక్క జబ్బుతో పడుకోనున్నప్పుడు తల్లి చచ్చిన పిల్ల ఒకటి మందలో మిగిలినాది. ఆమె లేయలేదు, అయినా గుడ్డ పాలలో ముంచి, అరచేతిలో పెట్టి దానికి చీకించేది. ఆమె తినేది మానేసినాక గూడా దానికి పెట్టేది మాన్లే. ఈరక్క పోయినాక అది పెద్దదై, రోజూ వచ్చి కంబళి మీద ఆమె పడుకునే పక్కనే పడుకునేది. నేను ఆ పక్కకి జరిగేటోన్ని కాదు."

కదుళ్ళు నాలుగైదు ఆగినాయంట. వాడు చూడలే. "ముందటేడు మందని తోలుకుని ఈ కనుమ కాడికి వచ్చినాము. చూస్తే అది కుంటతాంది. కాలెత్తి చూసినా. పుండ్లు. నోట్లో సొంగ. నాకు తెలుసు అదేందో. రోగమొచ్చినదాన్ని కిందనే విడిచిపెట్టాలని గూడా తెలుసు. విడిచిపెడితే నక్కలు తింటాయి. నాకు చెయ్యి రాలేదు. ఊట కాడ బురద తీసి నాలుగు కాళ్ళకీ పూసినా. నోరు తుడిచినా. మందనడుమన పెట్టి దాటించినా. పదిదినాలకి అది ఎట్లాగూ చచ్చిపోయింది. అప్పటికి మీ మందలో పాకిపోయింది. మీరు మా మందే తెచ్చిందంటే, కాదు కొండగాలి అని అందరికన్నా ముందర అరిచింది నేనే. కోనని చంపింది మా మంద కాదు, మా ఊరు కాదు, నేను." కంపకి ఈ పక్క నిలబడిన మనోళ్ళకి గూడా ఇది కొత్తే. "నన్ను ఏమన్నా చెయ్యండి. ఆ పిల్లలకి కంప తియ్యండి. ఇంకేం లేదు" అన్నాడు. చూసుకుంటే వాని కదురు గూడా ఎప్పుడో ఆగిపోయి దారం చేతికి చుట్టుకోనుండాది.

మంచులో సప్పుడు లేదు. సప్పుడు లేదంటే, ఒక్క కదురు సన్నగా తిరిగే సప్పుడు తప్ప. నింగవ్వది. అది తిరగతానే ఉండాది. మైలారి బండ దిగబోయినాడు. అప్పుడు ముసలామె అడిగిందంట, "దాని పేరేంది?" అని. "పేరు పెట్టలేదు జేజీ. ఈరక్క 'ఓసే' అని పిలిచేది. ఆమె పోయినాక నేనూ ఓసే అనే పిలిచినా" అన్నాడు. నింగవ్వ చేతిలో కదురు జారి బండమీద పడింది. దొర్లుకుంటా దొర్లుకుంటా పోయి మైలారి కాళ్ళ కాడ ఆగింది. "నాది రాజాలు" అనిందంట ఆమె. "నా ముందుగొర్రె. నా ఒళ్ళో తల పెట్టి పోయినాది. సంవత్సరం నుంచీ గాలిని తిడతాండా, కొండని తిడతాండా, తిట్టేదానికి మనిషి దొరకలే. ఇప్పుడు దొరికినావు, ఏం లాభం, తిట్టేదానికి నోరు రాకుండా చేసినావు గదరా" అని వాని చెంప మీద ఒకటి కొట్టినాది. కొట్టి, అదే చేత్తో వాని తలకాయ పట్టుకుని ఏడ్చినాది. వాడూ ఏడ్చినాడు. ఆ పైన ముసలామె తానే లేచి పోయి మొదటి కంప లాగినాది. ముల్లు దిగి నెత్తురు కారతాన్నా విడవలేదంట.

అయితే ఊరికే విడిచిపెట్టలే. ఒక షరతు పెట్టినాది. ఏటేటా మంద కోనకెక్కే దినం మైలారి ఈ బండమీద నిలబడి ఈ కథ మొత్తం చెప్పల్ల, ఒక్క ముక్క దాయకుండా. చెప్పినాక ప్రతి గొర్రెకీ ఊటనీళ్ళతో నాలుగు కాళ్ళూ కడిగి, అందరికీ చూపించి దాటించల్ల. మైలారి బతికినన్నాళ్ళూ చెప్పినాడు. మొదటేడు గొంతు వణికింది, రెండోయేడు తక్కువ వణికింది, పోనుపోనూ దూరపూళ్ళ నుంచి జనం వచ్చి బండ చుట్టూ కూచునేవాళ్ళంట వినేదానికి. కోనప్పతాత ఒకసారి చాటుగా అడిగినాడంట, "మాట ఎట్లా పండిందిరా నీకు, కిటుకేంది?" అని. "ఏముంది తాతా, కడిగినా" అన్నాడంట మైలారి. తాతకి అర్థమయిందో లేదో నాకు తెలీదు. ఇప్పటికీ అక్కడ మంద దాటాలంటే కాళ్ళు కడిగేది మాన్లేదు, రోగం ఉన్నా లేకపోయినా.

ఇదప్పా మైలారి సంగతి. మా జేజి నాకు చెప్పింది ఇంతే, నేను కొంచెం కలిపినానేమో, ఆ మంచు సంగతి కాడ. సరే, మనలో కదుళ్ళు తిప్పేటోళ్ళు ఎవురూ లేరు గదా, నా మాట ఎట్లుండిందో నాకెట్లా తెలుస్తాది అనుకుంటాండా. ఎల్లప్పా, నీ చేతిలో బీడీ ఆరిపోయి ఎంతసేపైందో చూసుకో.