నాలుగంగుళాల కారు

మెకానిక్ షెడ్డు. జాకీల మీద ఒక చిన్న కారు. దాని కింద పడుకుని మేస్త్రీ, పక్కన స్టూలు మీద కారు యజమాని. ఈయన బ్యాంకు ఆఫీసరు.

“ఇంకాస్త దించండి మేస్త్రీ.”

“ఇంకా దించితే దాన్ని కారనరు సార్, చాపంటారు.”

“అననీండి. ఇప్పుడెంతుంది, కింద ఖాళీ?”

“అయిదున్నర అంగుళాలు. కొన్నప్పుడు ఆరు. చూడ్డానికి బాగానే ఉంది కదా, ఇక్కడితో ఆపేద్దాం.”

“నాలుక్కి రావాలి.”

“నాలుగా! ఎవరైనా రోడ్డు మీద చెప్పు వదిలేసినా దాటదు సార్.”

“దాటుతుంది. లెక్కేసుకునే వచ్చాను. ఇదిగో చీటీ. మా గేటు ర్యాంపు మూడంగుళాలు. బ్యాంకు పార్కింగు మూడుంపావు. పిల్లల స్కూలు దగ్గర మూడు. అన్నీ టేపు పెట్టి కొలిచాను.”

“కింద ఇంకోటి రాసి చుట్టూ సున్నా చుట్టారు. అయిదు. అదేంటి?”

“అదా... అదేదోలెండి. మీరు పని కానివ్వండి.”

“ఏం కానివ్వను? బండి ఎత్తు తగ్గించే ఈ కాయిలోవర్లు కుర్రాళ్లు వేయించుకుంటారు సార్, కాలేజీ ముందు చక్కర్లు కొట్టడానికి. లంచ్ బాక్సుకి సీటు బెల్టు పెట్టుకుని తిరిగే మనిషి మీరు. మీకెందుకు?”

“స్టెబిలిటీ. స్పీడులో బండి రోడ్డుని పట్టుకుని ఉంటుందట.”

“మీరు నలభై దాటరు కదా సార్. పోయినసారి సర్వీసింగులో మీ నాలుగో గేరు చూసి నేనే ఆశ్చర్యపోయా. షోరూంలో ఎలా ఉంటుందో అలాగే ఉంది.”

“జాగ్రత్తగా వాడతాను. సరేగానీ, దించడమంటే ఆ రింగు తిప్పడమేనా?”

“అంతే. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిపి ఒకటే సెట్టు. ఒంటి నిండా మరలుంటాయి. రింగు కిందకి తిప్పితే బండి దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. మీ అయిదు సంగతి చెబితే తిప్పుతా.”

“ఉండండి, మా ఆవిడ ఫోను. హలో... ఆఁ, షెడ్డులోనే... చెప్పాగా, స్టెబిలిటీ... మలుపుల్లో... మనం మలుపులు తిరగమా ఏంటి?... ఆదివారమా? ఎందుకెళ్లం, బ్రహ్మాండంగా వెళ్దాం... వస్తున్నామని మీ నాన్నగారికి చెప్పు... ఆఁ, ఉంటా.”

“అయిదంటే మామగారిల్లన్నమాట.”

“మీకెవరు చెప్పారు?”

“మీ మొహం.”

“సరే, మీ దగ్గర దాపరికమెందుకు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం అక్కడే. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు. చెయ్యి కడుక్కోగానే సర్వీసు సంగతులు మొదలెడతారు. ముప్పై రెండేళ్ల సర్వీసు మేస్త్రీ! పదకొండేళ్లయింది, ఇంకా మొదటి ట్రాన్స్‌ఫర్ దగ్గరే ఉన్నాం.”

“రానని చెప్పెయ్యొచ్చుగా.”

“అమ్మో! ఆయనకి నేనంటే ప్రాణం. నేను వెళ్లకపోతే ముద్ద దిగదు. అందుకని నేను మానేసినట్టుండకూడదు. కారు మానెయ్యాలి. వాళ్ల గేటుకి ఇవతల, రెణ్ణెల్ల కిందట ఎవరో పుణ్యాత్ముడు స్పీడ్ బ్రేకర్ కట్టించాడు. అయిదంగుళాలు.”

“ఇవతలే ఆపి నడిచి వెళ్తే?”

“ఆపడానికి లేదు, సందు. ఆపితే వెనకాల హారన్లే హారన్లు. మొదటి వారం నలుగురం కూర్చుని ఎక్కించాం, అడుగు గీరుకుపోయింది.”

“తర్వాతి వారాలు?”

“ఏముంది, మా ఆవిణ్ణీ పిల్లల్నీ దింపేసి ఖాళీ బండి దాటించేస్తున్నా. మామగారు బాల్కనీలోంచి కళ్లార్పకుండా చూస్తుంటారు, దాటుతుందా లేదా అని. దాటగానే ఓ నిట్టూర్పు. అంత ప్రేమ! నాలుక్కి దించామనుకోండి, ఖాళీ బండి కూడా దాటదు. ‘నేను రాకేం మామయ్యగారూ, బండే రానంటోంది’ అంటాను.”

“దానికి పసుపు చారలు వేశారా సార్?”

“వేశారు. మీరెందుకు బయటికొచ్చి కూర్చున్నారు?”

“నడుం పట్టేసింది.”

“నవ్వుతున్నారు.”

“నడుం పట్టేస్తే నాకు నవ్వొస్తుంది.”

“మేస్త్రీ.”

“మీ మామగారి స్కూటరు కూడా నా దగ్గరే కదా సార్.”

“నేనేగా మీ దగ్గరికి పంపించింది.”

“మూడు నెలల కిందట వచ్చారు. మీ కారు కింద ఖాళీ ఎంతుంటుందని అడిగారు. మామూలుగా ఆరు, నలుగురెక్కితే అయిదు లోపే అన్నాను. నోటుబుక్కులో రాసుకున్నారు.”

“నా కారుదా? ఎందుకూ?”

“నేనూ అదే అడిగా. ‘అయిదు చాలన్నమాట’ అనుకుంటూ వెళ్లిపోయారు. తర్వాత వీధి వీధంతా తిరిగి సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చారట.”

“అంటే... ఆ పుణ్యాత్ముడు... ఆయనేనా?”

“పోయిన వారం మళ్లీ వచ్చారు. ‘పిల్లల్ని దింపేసి మరీ వస్తున్నాడయ్యా, ఆరు కట్టించాల్సింది’ అని ఒకటే బాధ. చూళ్లేకపోయాను.”

“నేనేం చేశానని!”

“ఆయన పడక్కుర్చీ ఆక్రమిస్తారట.”

“దాంట్లో అయిదు నిమిషాలు నడుం వాలుస్తా, అంతే!”

“మూడు గంటలన్నారు. గురక వేరేగా చెప్పారు. ఆయన నోరు తెరవగానే మొదలవుతుందట.”

“కళ్లు మూసుకుని వింటాను మేస్త్రీ. అది నా పద్ధతి.”

“‘పదకొండేళ్లయిందయ్యా, నన్ను మొదటి ట్రాన్స్‌ఫర్ దాటనివ్వలేదు’ అన్నారు.”

“అంతమాటన్నారా.”

“నోటుబుక్కు చూసి మరీ అన్నారు. పోనీలెండి సార్, మంచిదేగా. ఇంకో అంగుళంన్నర దించేస్తా, మీరూ సుఖపడతారు, ఆయనా సుఖపడతారు. స్పానరిటివ్వండి.”

“ఆగండి. ఆ రింగు పైకి కూడా తిరుగుతుందన్నారు కదూ?”

“తిరుగుతుంది.”

“ఎంతదాకా లేస్తుంది?”

“ఏడు దాకా. కానీ సార్...”

“నలుగురం ఎక్కితే?”

“ఆరుకి తగ్గదు. ఎవర్నీ దింపక్కర్లేదు, హాయిగా దాటేస్తుంది. కానీ సార్, మీరు వెళ్లకూడదనే కదా ఇదంతా...”

“చివరిదాకా తిప్పండి మేస్త్రీ. ఈసారి శనివారం పొద్దున్నే వెళ్తున్నాం.”