జింకకు పెద్దది, నక్కకు చిన్నది

నా పేరు గాలివీటి రెడ్డెమ్మ. వయసు నలభై ఆరు అనుకుంటా. పాస్‌పోర్టులో నలభై తొమ్మిదని ఉండాది, అదే రాసుకోండి. మాది అన్నమయ్య జిల్లా, రాయచోటి పక్క పల్లె. కువైట్ దేశం వఫ్రాలో బాబా తోటలో వంటపని, ఇంటిపని చేస్తాండా. బాబా అంటే నా కఫీల్, నాకు వీసా ఇచ్చిన యజమాని. నేను తెలుగులో చెప్తాంటే ఈ నాగేంద్రప్రసాద్ సారు అరబ్బీలో మీకు చెప్తాండాడు. సారూ, నా మాటకు నువ్వు నునుపు పెట్టొద్దు, ఎట్ల చెప్తే అట్ల చెప్పు.

మొదట ఒకటే మాట. హారూన్ కాల్చలేదు. కాల్చింది బాబా. హారూన్ మీ ముందర "నేనే" అన్నాడే, అది పచ్చి అబద్ధం. లైసెన్సు లేకుండా తుపాకి పట్టినాడని వాన్ని జైల్లో పెట్టి, ఆమీట దేశం నుంచి తోలేస్తారంట గదా. అందుకే టాక్సీ కట్టుకోని ఈ పోలీసు మఖ్‌ఫర్‌కి వచ్చినా.

హారూన్ ఆ తోటలో జింకల కాపరి. మదనపల్లె వాడు, నన్ను అక్కా అంటాడు. మామా, అంటే బాబా భార్య, చనిపోయినాక అక్కడ ఉండేది ముగ్గురమే. బాబా, హారూన్, నేను.

బాబా వయసులో ఉండేటప్పుడు పెద్ద వేటగాడు. ఏదో చలిదేశం కొండల్లో మంచులో, తడిగడ్డిలో పొద్దంతా పాకి జింకల్ని కొట్టేవాడంట. ఇంట్లో రెండు తుపాకులు ఉండాయి. చిన్నది టూ టూ త్రీ, పెద్దది త్రీ నాట్ ఎయిట్. బీరువా తాళం బాబా మెడలోనే ఉంటాది. ఖహ్వా, అదే అరబ్బీ కాఫీ, తాగేటప్పుడు నాకు పాఠం చెప్పేవాడు. నక్క ఒళ్ళో పట్టేంత జంతువు, దానికి పెద్ద గుండు పెడితే నక్కను దాటి పోయి ఎనకాల ఎవరికి తగుల్తాదో దేవునికే ఎరుక. జింకకు చిన్న గుండు పెడితే సావదు, గాయంతో పరిగెత్తి యాడనో పడి నానా బాధ పడతాది, అది పాపం. ఇదీ పాఠం. రోజూ పరీక్ష గూడా పెట్టేవాడు. "రెడ్డెమ్మా, నక్కకు ఏది?" "చిన్నది బాబా." "జింకకు?" "పెద్దది బాబా." "షాబాష్" అనేవాడు. నాకేం తుపాకులు సార్, నేను చీపురు పట్టేదాన్ని. ముసలాయన సంతోషం కోసం చెప్పేదాన్ని.

ఈ మధ్య బాబాకు మతి నిలవడం లేదు. టీ గ్లాసు చేతిలో పెట్టుకోనే టీ ఏదంటాడు. ఒక్కోసారి నన్ను మామా పేరు పెట్టి పిలుస్తాడు. పలుకుతా. పలికితే నా సొమ్మేం పోతాది?

నూరా అనేది మామా సీసాపాలు పట్టి పెంచిన ఆడజింక, ఈ జాతిలో ఆడదానికీ కొమ్ములుంటాయి. వంటింటి తలుపు కాడికి వచ్చి ఖర్జూరం తింటాది, గింజ నా కాళ్ళ మీదనే ఊస్తాది. బాబాకు అదంటే ప్రాణం. చలికాలం మొదలైనాక నక్కలు జింకపిల్లల కోసం వస్తాండాయి. మా పల్లెలో అడివిపందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కడతారు. నేనూ జింకల కంచె చుట్టూ నా పాత చీరలన్నీ కట్టినా. బాబా పగలబడి నవ్వినాడు. "రెడ్డెమ్మా, ఈ నక్క కువైట్‌ది, నీ చీరకు భయపడదు" అన్నాడు.

నిన్న మంగళవారం, ఫజర్ నమాజు అయి తెల్లారతాండాది. అంత పొగమంచు నేను ఈ దేశంలో ఎప్పుడూ చూడలే. తోట లేదు, ఖర్జూరం చెట్లు లేవు, ఇసుక లేదు. నా చీరలు మాత్రం కనపడతాండాయి, పచ్చది, ఎర్రది, నా పెండ్లినాటి మెంతిరంగుది. కట్టుకునే మనుషులు లేకుండా చీరలే వరసగా నీళ్ళకు పోతాండట్టు ఉండాయి. ఏం చక్కదనం అనుకున్నా. పని మరిచిపోయి నిలబడినా.

వరండాలో కుర్చీలో కూచోని బాబా అడిగినాడు, "రెడ్డెమ్మా, బయట ఏముంది?"

నేను చూసినా. చీరల మధ్యలో రెండు కొమ్ములు. నూరా. "గజాల్, బాబా" అన్నా. జింక, బాబా. అంతే అన్నా సార్. నూరా అని పేరు పెట్టి చెప్పింటే ఆయన లేచేవాడు కాదు. నేను జింక అన్నా.

బాబా ముఖం ఎలిగిపోయింది. నోటి మీద వేలు పెట్టుకున్నాడు. "మెల్లగా. గాలి మన వైపు తోల్తాండాది, దానికి మన వాసన తెలీదు" అన్నాడు. చెప్పులు విడిచి, పడుచోని మాదిరి వంగి వంగి లోపలికి పోయినాడు. ఖర్జూరం తెచ్చేదానికి అనుకున్నా. ఎన్నాళ్ళకు ముఖం ఎలిగిందప్పా అని సంతోషపడి, పొయ్యి మీద రొట్టె మాడతాందని వంటింట్లోకి పోయినా.

అప్పుడు పేలింది. కిటికీలు అదిరినాయి. చిన్నదాని మోత నాకు తెలుసు. అది పెద్దది.

ఉరికినా. నూరా కాళ్ళు మడుచుకోని, పడుకున్నట్టే ఉండాది. గుండు నూరాను దాటి, అవతల మెంతిరంగు చీరను దాటి, పంపు కాడ నీళ్ళ డ్రమ్ముకు తగిలింది. ఆ డ్రమ్ము పక్కనే హారూన్ ముఖం కడుక్కుంటాండాడు. డ్రమ్ములోంచి నీళ్ళు ధార కడతాండాయి. వాడు సబ్బు చేతులు అట్లే పెట్టుకోని నిలబడినాడు. ఒక జాన ఇటు తగిలింటే ఈ పొద్దు హారూన్ మీ జైల్లో కాదు సార్, పెట్టెలో మదనపల్లెకు పోయేవాడు.

బాబా తుపాకి వరండాలోనే వదిలేసి ఉత్త చేతులతో, ఉత్త కాళ్ళతో మంచులోంచి వచ్చినాడు. నూరాను చూసినాడు. ఇసుకలో కూలబడి దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎవరు? నా నూరాను ఎవరు చంపినారు?" అన్నాడు. నాటకం కాదు సార్. నిజంగా ఎరగడు. "ఎవరు? ఎవరు?" అంటాండాడు.

హారూన్ నన్ను చూసినాడు, బాబాను చూసినాడు. "అనా, బాబా" అన్నాడు. నేనే, బాబా.

బాబా వాన్ని చెంప మీద కొట్టినాడు. మీకు ఫోన్ చేసింది గూడా బాబానే. మీ బండి వచ్చేలోపల హారూన్ నాతో తెలుగులో అన్నాడు, "అక్కా, నోరెత్తొద్దు. తన చేత్తోనే చంపినా అని తెలిస్తే ఈ మనిషి బతకడు." నీ ముఖం మండ, ఇంటి కాడ నీ తల్లి బతకొద్దా అన్నా. వాడు బండెక్కినాడు.

నిన్నంతా నోరు మూసుకున్నా. పొద్దన్నే వరండా ఊడుస్తాంటే బాబా కుర్చీ కింద ఇది దొరికింది. ఇదిగో, కొంగులో కట్టుకొచ్చినా. పెద్దదాని గుండు ఖోకా, కాల్చినాక బయటపడే ఉత్త గొట్టం. హారూన్ వరండాలో లేడు, పంపు కాడ ఉండాడు. డ్రమ్ముకు చిల్లి ఇంటి వైపు పడింది, పోయి చూసుకోండి. తుపాకి మీద హారూన్ వేలిముద్రలు గూడా ఉంటాయి. శుక్రవారం శుక్రవారం బాబా ముందర కూచోని నూనె పూసేది వాడే. దాన్ని పట్టుకోని వాన్ని ముంచొద్దు.

పెద్ద తుపాకి మీరు తెచ్చుకున్నట్టే చిన్నదీ తీసుకుపోండి. మెడలో తాళం మాత్రం వదిలేయండి, అది లేకుంటే ఎతుక్కుంటాడు. నూరా సంగతి బాబాకు చెప్పాల్నో వద్దో మీ ఇష్టం. చెప్తే అప్పుడు ఏడుస్తాడు, సాయంత్రానికి మరిచిపోతాడు, రేపు మళ్ళీ ఎవరని అడుగుతాడు. ప్రతిసారీ కొత్తగా ఏడుస్తాడు సార్. నేను చూడలేను.

ఈ పొద్దు గూడా మంచే. ఖహ్వా ఇచ్చినా. "రెడ్డెమ్మా, బయట ఏముంది?" అన్నాడు. "ఏమీ లేదు బాబా, మంచు" అన్నా. "మంచుకు ఏది?" అన్నాడు. "దేనికీ లొంగదు బాబా, ఖహ్వా తాగు" అన్నా. తాగినాడు. తాగి, "హారూన్ ఏడీ, జింకలు అరుస్తాండాయి" అన్నాడు.

వస్తాడని చెప్పి వచ్చినా.

నాకు చదువు రాదు. నేను చెప్పిందంతా నాగేంద్రప్రసాద్ సారు తెలుగులో తిరిగి వినిపించినాడు. అన్నీ నేనన్న మాటలే, ఎవరూ బెదిరించి చెప్పించలేదు. హారూన్ కాగితంలో "నేనే" అని ఉండే కాడ కొట్టేయండి. నా కాగితంలో "జింక, బాబా" అని ఉండే కాడ కొట్టేయొద్దు, అది నేనన్న మాటే. ఆ మాట కిందనే వేలు వేస్తాండా.

రెడ్డెమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.