మైకు వంతు

పులికాట్ ఒడ్డున వదినా మరదళ్ళు రొయ్యలు ఏరుతున్నారు. వదిన ఢిల్లీలో జరిగిన పర్యావరణ న్యాయం సభకు వెళ్ళి ముందురోజే తిరిగొచ్చింది.

“ఏం వదినా, దేశదేశాలోళ్ళ ముందర మన సరస్సులో చేప కరువైన సంగతి చెప్పినావా?”

“మనిషికి అయిదు నిమిషాలని వంతులు పెట్టినారు. ముందర పెద్ద దేశం దొర ఎక్కినాడు. గంట కొట్టినా దిగడే!”

“అంతసేపు ఏం చెప్పినాడు?”

“లోకంలో అందరికీ సమానంగా వాటా రావాలంట.”

“మైకులో తప్పనా?”

“నాకు ఒళ్ళు మండింది. మన సరస్సులో ఎవురన్నా వంతు అయిపోయినా వల తియ్యకపోతే ఏం చేస్తాం?”

“మనమే పోయి పీకేస్తాం... అయ్యో వదినా, మైకు పీకేసినావా?”

“పీకేసినా. హాలంతా చప్పట్లు.”

“ఇంకేం, అందరినీ దులిపేసుంటావు!”

“నేనెట్లా మాట్లాడతా? తర్వాత వంతు ఎక్కడో మునిగిపోతున్న దీవి నుంచి వచ్చినామెది. ఆమె చేతికిచ్చేసినా.”

“మరి నీ వంతు?”

“వచ్చేలోపల భోజనాల గంట కొట్టేసినారు.”

“అంత దూరం పోతే ఏ న్యాయమూ జరగలేదా?”

“ఎందుకు జరగలేదు? అన్నాలకాడ నన్ను చూసి, దొర తనంతట తానే వరస చివరికి పోయి నిలబడినాడు!”