రావు సారు ఏసీకి నురగొచ్చిన కత

నాకు సౌదీలో, ఆ హఫర్ అల్ బాతిన్‌లో దోస్తులే లేరా అంటావేందిరా సమీరూ? అచ్యుతరావు సారు లేడా! ఇప్పుడు లేడులే పాపం, పోయి శానా ఏండ్లాయె. ఏలూరాయన, రోడ్ల ఇంజనీరు. నేను అదే క్యాంపులో ఏసీ మెకానిక్కు. రెండువేల నాలుగో, అయిదో... ఎండ మాత్రం బాగా గుర్తు. ఆ దేశంలో బీరు చేసి దొరికితే జైలు, ఆపైన ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలేస్తారు. ఈయనకేమో అదే కలవరింత. పెండ్లాం జయమ్మక్క వచ్చేలోగా ఒక్క గ్లాసు తాగెయ్యాలంట. ఆమెకు మానేసినానని ఒట్టేసుండె. ఆమె వీసా కాయితం మీద కఫీల్, అదే మమ్మల్ని పనికి పిలిపించుకున్న అరబ్బు షేకు, ఆయన సంతకమొక్కటే మిగిలుండె. ఆ టైములో ఈ సరదా! "ఏవయ్యా కాలేషా, గొట్టాల పని నీకన్నా ఎవరికొచ్చు?" అని సారు అనేసరికి ఉబ్బిపోయినా. నేను తాగనోణ్నే, అల్లా సాక్షి, కానీ గొట్టం గొట్టమే కదా! నీళ్ల క్యాన్‌లో అంగడిలో దొరికే మత్తులేని మాల్టు డ్రింకు, చక్కెర, రొట్టెలకేసే ఈస్టు పోసినాడు. చెంచాడు చాలంటే గుప్పిటితో ఏసినాడు, మహానుభావుడు. మూతకు బొక్క కొట్టి, ట్యూబు దూర్చి, చుట్టూ పుట్టీ మెత్తినా. గ్యాసు పోవాల కదా, లేకుంటే క్యాను పేల్తాది. వాసన సారు గదిలో నిలవకుండా ఆ ట్యూబును ఏసీ నీళ్లు బయటికి పోయే పైపుకే కలిపేస్తిమి. ఏం తెలివంటావ్!

శుక్రవారం జుమ్మా నమాజు కాంగానే, ఆ వీసా సంతకానికని కఫీల్ రానే వచ్చె. చూస్తే ఏముంది, గోడెంబడి పైపులోంచి తెల్లగా నురగ, బుస్సుబుస్సుమని! "ఎష్ హాదా?" ఇదేందని అడిగె. సారు నా వెనక నక్కె. నా నోట్లోంచి ఊడిపడె, "సాబూన్ సర్వీస్, షేక్! ఏసీని లోపల సబ్బుతో కడుగుతా ఉండాం." ఆయనకు జలుబు, వాసన తెలీలే, బతికిపోతిమి. "మియ్యా మియ్యా!" నూటికి నూరని నా భుజం తట్టి, వీసా కాయితం మీద సంతకం గీకి, తనింట్లో ఏసీలకూ ఇట్లే నురగ రావాలనె. ఇంకేముంది! ఆయనింట్లో, ఆయన బామ్మర్దింట్లో, ప్రతి ఏసీలో షాంపూ పోసి నురగ తెప్పించినాం. నేను పైన, కింద నిచ్చెన పట్టుకొని ఇంజనీరు. "ఒక్క గ్లాసు కోసం ఎంత చాకిరీ కాలేషా!" అని ఒకటే ఏడుపు. ఆ తిరుగుడులో తాగే తీరికేదీ? జయమ్మక్క దిగనే దిగె. మంచం కింద క్యాను లాగి, "ఏంటండీ ఇది?" అనె. సారు తడబడి, "ఏసీ కడిగే మందే" అన్యాడు. ఆయమ్మ పనిమంతురాలు, ఊరుకుంటాదా! మేమిద్దరం చూస్తా నిలబడుంటే, ఏసీ జాలీలు ఊడదీసి, బకెట్లో పెట్టి, క్యానంతా గుమ్మరించి రుద్దె. "బాగానే వదుల్తుందండీ మట్టి! ఇంకో క్యాను తెచ్చిపెట్టండి." సారు ఆ బకెట్టు దిక్కు చూసిన చూపుందే...

ఏయ్ సమీరూ, ఆ పిల్లి పాలగిన్నెలో మూతి పెడతాంది, తోలు, తోలు!